ఏటా పెరిగే టోల్‌కి పార్లమెంటు ఆమోదం అక్కర్లేదా? ఎవర్ని, ఏమని అడగాలి?

మీ ప్రశ్న నాకర్థమైనంతవరకు ఇదీ: పన్ను పెంచాలంటే పార్లమెంటులో బిల్లు పెట్టాలి కదా, మరి ఏటా ఏప్రిల్ 1న హైవే మీద టోల్ పెంచుతుంటే ఎవరి ఆమోదమూ అక్కర్లేదా? ఎమ్మెల్యేని అడిగితే "అది సెంటర్‌ది" అన్నారు, ఎంపీ ఆఫీసులో "రూల్స్ ప్రకారమే పెరుగుతుంది" అని పంపించేశారు, ఇంక ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. ఏటా జరిగే పెంపుకి పార్లమెంటులో ఓటింగు అక్కర్లేదు. జాతీయ రహదారుల విషయంలో మన రాష్ట్ర అసెంబ్లీకి అసలు అధికారమే లేదు, కాబట్టి ఎమ్మెల్యేగారు చెప్పింది నిజమే. కానీ ఎంపీ ఆఫీసు వాళ్లు చెప్పింది సగమే. ఆ "రూల్స్" ఉన్నాయి చూడండి, అవి పార్లమెంటు ముందుకి రావాల్సిందే, వాటిని మార్చే హక్కూ కొట్టేసే హక్కూ సభకి ఉన్నాయి. మనవాళ్లందరూ ఏప్రిల్ మొదటి వారంలో పెరిగిన ఐదు రూపాయల గురించి గొడవపడతారు, టీవీల్లో రెండు రోజులు నడుస్తుంది, అయిపోతుంది. ఆ ఐదు రూపాయలు ఎక్కడినుంచి వస్తున్నాయో ఆ నిబంధన మారే రోజున మాత్రం ఒక్కరూ అడగరు. అడగాల్సింది అక్కడ.

నేను ఆడిట్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు లారీ యజమానుల సంఘాలకి, హైవే పక్క ఊళ్లవాళ్లకి అర్జీలు, ఆర్టీఐ దరఖాస్తులు, ఎంపీలకిచ్చే ప్రశ్నల చిత్తులు రాసిపెడుతుంటాను. కింద చెప్పేవి ఆ అనుభవంతో చెప్తున్నవి.

మూలం జాతీయ రహదారుల చట్టం, 1956. అందులో సెక్షన్ 7 కింద రోడ్డు, వంతెన, సొరంగం వాడుకున్నందుకు ఫీజు వసూలు చేసే అధికారాన్ని పార్లమెంటు కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చేసింది, నిబంధనలు రాసుకునే అధికారం సెక్షన్ 9 కింద ఇచ్చింది. రాజ్యాంగంలో 265వ అధికరణం చట్టం లేకుండా పన్ను వేయకూడదంటుంది. టోల్ పన్ను కాదు, సేవకి తీసుకునే ఫీజు, పైగా చట్టం అండ దానికి ఎలాగూ ఉంది. అందుకే ఆర్థిక బిల్లులా ఏటా సభకి రావాల్సిన పని లేదు. ఇది దొడ్డిదారి అని చాలామంది నాతో వాదిస్తారు. చట్టప్రకారం కాదు, కోర్టుకెళ్లినా ఆ వాదన నిలబడదు, దానిమీద టైము వృథా చేసుకోకండి.

రేట్లు వచ్చేది 2008 డిసెంబరు 5న ఇచ్చిన ఫీజు నిబంధనల నుంచి. నాలుగు లేన్లు, అంతకంటే ఎక్కువ ఉన్న రోడ్డుకి 2007-08 మూల రేటు కిలోమీటరుకి కారుకైతే 65 పైసలు, మినీ బస్సు, చిన్న గూడ్సు బండికి 1.05, బస్సు, లారీకి 2.20 రూపాయలు. దీనిమీద రెండు రకాల పెంపు ఉంటుంది. ఒకటి, ఏటా 3 శాతం, ఇది చక్రవడ్డీలాగా కాదు, మూల రేటు మీదే. రెండు, టోకు ధరల సూచీ 2007 జనవరి నుంచి ఎంత పెరిగిందో అందులో 40 శాతం. చివర్లో వచ్చిన మొత్తాన్ని దగ్గర్లోని ఐదు రూపాయలకి సర్దుతారు, అందుకే మీకు ఒక్కో ఏడాది అసలు పెరగనట్టు, ఇంకో ఏడాది ఒక్కసారే ఐదు, పది పెరిగినట్టు కనిపిస్తుంది.

ఒకసారి పెన్ను తీసుకుని వేసి చూడండి. 2008 ఏప్రిల్ నుంచి 2025 ఏప్రిల్ దాకా 18 సార్లు, సారికి 3 శాతం అంటే మొత్తం 54 శాతం. 65 పైసలకి 54 శాతం కలిపితే సరిగ్గా రూపాయి. అంటే దేశంలో ధరలు ఒక్క పైసా పెరగకపోయినా సరే, కారు టోల్ కిలోమీటరుకి రూపాయికి చేరేది. ధరల సూచీ వాటా దీనికి అదనం. సూచీ పడిపోయిన ఏడాది కూడా ఆ 3 శాతం ఆగదు. రోడ్డు మీద ట్రాఫిక్ రెట్టింపయిందా, నిర్వహణ ఖర్చు తగ్గిందా, రోడ్డు గుంతలమయమైందా, ఇవేవీ ఈ సూత్రంలో లేవు. నాకు అసలు అభ్యంతరం ఇదే. కరెంటు చార్జీకి ఈఆర్సీ, అంటే విద్యుత్ నియంత్రణ మండలి ఉంది, కరెంటు పంపిణీ సంస్థలు (డిస్కంలు) లెక్కలు బయటపెట్టాలి, బహిరంగ విచారణలో రైతు కూడా లేచి నిలబడి "ఈ నష్టం మీ చేతగానితనం, నామీద ఎందుకు వేస్తారు" అని అడగొచ్చు. విమానాశ్రయాల చార్జీలకి కూడా 2008 చట్టంతో ఏర్పడిన నియంత్రణ సంస్థ ఉంది. టోల్‌కి మాత్రం రోడ్డు వేయించేదీ ప్రభుత్వమే, రేటు నిర్ణయించేదీ ప్రభుత్వమే, డబ్బు తీసుకునేదీ ప్రభుత్వమో దాని కాంట్రాక్టరో. మధ్యలో మూడో మనిషి లేడు.

ఇక పార్లమెంటు చేతిలో ఉన్నదేమిటి అనేది.

ఈ చట్టం కింద చేసిన ప్రతి నిబంధననీ, దానికి చేసిన ప్రతి సవరణనీ ఉభయ సభల ముందూ సమావేశాల్లో మొత్తం 30 రోజులు ఉంచాలి. ఆలోగా రెండు సభలూ ఒప్పుకుంటే నిబంధన మారుతుంది, లేదా రద్దవుతుంది, అప్పటిదాకా వసూలైంది మాత్రం చెల్లుతుంది. చదవడానికి బాగుంటుంది కానీ జరిగేదేమిటంటే, ఆ కాగితం ఒకరోజు మంత్రిగారి పేరు మీద సభ బల్ల మీదకి చేరుతుంది, అదే రోజు అలాంటివి ఇంకా బోలెడు చేరతాయి, ఎవరూ తిరగేయరు, గడువు దాటిపోతుంది. అందుకే ప్రతి సభకీ సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ అని ఒకటి ఉంది, ప్రభుత్వం తనకిచ్చిన అధికారాన్ని మించి నిబంధనలు రాసుకుందా అని చూడటమే దాని పని. ఈ కమిటీకి ఎవరైనా రాయొచ్చు. నేను కలిసిన సంఘాల వాళ్లలో దీని పేరు విన్నవాళ్లు ఒకరిద్దరు కూడా లేరు.

ఇది ఎంత ముఖ్యమో 2023 అక్టోబరు చెప్తుంది. 2008 నిబంధనల్లో ఒక మంచి మాట ఉండేది: రోడ్డుకి పెట్టిన డబ్బు వసూలయ్యాక, లేదా ఒప్పంద కాలం ముగిశాక టోల్‌ని 40 శాతానికి తగ్గించాలని. వంద కట్టేవాడు నలభై కట్టాలన్నమాట. 2023 అక్టోబరు సవరణతో అది పోయింది, పూర్తి రేటు వసూలు కొనసాగించడానికి దారి ఏర్పడింది. ఒక గెజిట్ నోటిఫికేషన్, అంతే. మన జేబుకి సంబంధించినంతవరకు ఇన్నేళ్లలో వచ్చిన ఏప్రిల్ పెంపులన్నిటికంటే పెద్ద నిర్ణయం అది. ఆ 30 రోజుల్లో ప్రతి జిల్లా నుంచి ఒక ఉత్తరం వెళ్లాల్సింది.

అయితే కథ అక్కడితో ఆగలేదు, ఇక్కడ పార్లమెంటు తన పని చేసింది కూడా. కె.సి. వేణుగోపాల్ అధ్యక్షతన ఉన్న, ప్రభుత్వ ఖర్చుల్ని పరిశీలించే పబ్లిక్ అకౌంట్స్ కమిటీ (పీఏసీ) 2025 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో, ఖర్చు తిరిగొచ్చిన తర్వాత కూడా అంతూపొంతూ లేకుండా టోల్ తీసుకునే పద్ధతి పోవాలని, రేట్ల నిర్ణయంలో పారదర్శకత కోసం స్వతంత్ర నియంత్రణ సంస్థ పెట్టాలని, రోడ్డు పని నడుస్తూ బండ్లు సరిగ్గా పోలేని చోట ఫాస్టాగ్‌లోకి డబ్బు తిరిగి వచ్చే ఏర్పాటు ఉండాలని సిఫారసు చేసింది. మూల రేట్లని మళ్లీ పరిశీలించడానికి నీతి ఆయోగ్‌తో అధ్యయనం మొదలుపెట్టామని మంత్రిత్వ శాఖ కమిటీకి చెప్పింది. కమిటీ సిఫారసుని ప్రభుత్వం పాటించి తీరాలని లేదు, కానీ ఏం చేసిందో రాతపూర్వకంగా జవాబు చెప్పుకోవాలి. ఎంపీని కలిసినప్పుడు మీరు పట్టుకెళ్లాల్సింది ఈ నివేదికే. "టోల్ ఎక్కువైంది సార్" అంటే ఆయనేం చేస్తారు? "పీఏసీ ఫలానా సిఫారసు చేసింది, దానిమీద ప్రభుత్వం ఏం చేసిందో అడగండి" అంటే ఆయనకీ పట్టు దొరుకుతుంది.

పీఏసీకి కళ్లూ చెవులూ కాగ్, అంటే ప్రభుత్వ లెక్కల్ని ఆడిట్ చేసే రాజ్యాంగ సంస్థ. దక్షిణాది టోల్ ప్లాజాల మీద కాగ్ ఇచ్చిన నివేదిక 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకి వచ్చింది, అందులో మన నాతవలస ఉంది, విజయనగరం జిల్లాలో 16వ నంబరు హైవే మీది ప్లాజా. నాలుగు లేన్ల రోడ్డుని ఆరు లేన్లు చేసే పని గడువు దాటిపోతే, ఆ ఆలస్యమైన కాలానికి టోల్ తీసుకోకూడదని 2013 డిసెంబరు సవరణ చెప్తోంది. అయినా 2020 మే నుంచి 2021 మార్చి వరకు నాతవలసలోనూ కర్ణాటకలోని చళగేరి, హెబ్బాలు ప్లాజాల్లోనూ కలిపి 124.18 కోట్లు వసూలు చేశారని కాగ్ లెక్కతేల్చింది. ఆ దారిలో వెళ్లిన మామూలు మనిషికి ఈ సంగతి తెలిసే మార్గమే లేదు. బోర్డు మీద ఉన్న రేటు కట్టాడు, వెళ్లిపోయాడు. రేటు సరైనదే కావచ్చు, ఆ రోజున తీసుకునే హక్కు ఉందా అనేది వేరే ప్రశ్న, దాన్ని పట్టుకోగలిగేది ఆడిటే. ఆడిట్‌లో పనిచేసినవాడిగా ఒక మాట: స్థానికంగా పని ఎప్పుడు ఆగింది, ఎప్పుడు మొదలైంది అన్న వివరాలు, తేదీలున్న ఫొటోలు ఊరివాళ్ల దగ్గరే ఉంటాయి. అవి కాగ్ ఆఫీసుకి రాసి పంపితే ఆడిట్‌కి పనికొస్తాయి.

రవాణా, పర్యాటక, సాంస్కృతిక శాఖల పార్లమెంటు స్థాయీ సంఘం ఇంకో దారి. మంత్రిత్వ శాఖ పద్దుని ఏటా బడ్జెట్ సమావేశాల్లో పరిశీలించేది అదే. 2019 నుంచి 2024 దాకా వరసగా టీజీ వెంకటేశ్, ఆ తర్వాత విజయసాయిరెడ్డి దానికి అధ్యక్షులుగా ఉన్నారు, ఇద్దరూ మనవాళ్లే. ఆ అయిదేళ్లలో మన రెండు రాష్ట్రాల లారీ సంఘాలు ఎన్ని వినతిపత్రాలు ఇచ్చి ఉండాల్సింది! మనం మంత్రి ఇంటి ముందు బారులు తీరతాం, కమిటీ తలుపు తట్టం.

సభలో మంత్రి నోటి నుంచి వచ్చిన మాటకి కూడా విలువుంది. 2022 మార్చిలో లోక్‌సభలో నితిన్ గడ్కరీ 60 కిలోమీటర్ల లోపు ఒకటే టోల్ ప్లాజా ఉంటుందని, మిగతావి మూడు నెలల్లో మూసేస్తామని చెప్పారు. ఇప్పటికీ 60 లోపు ప్లాజాలు ఉన్నాయి కదా అని మీరడుగుతారు, ఉన్నాయి. ఎందుకంటే నిబంధనలోనే మినహాయింపు ఉంది: కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసి అంతకంటే దగ్గర్లోనూ పెట్టొచ్చు, పెద్ద వంతెనకో బైపాస్‌కో అయితే అసలు ఆ దూరం వర్తించదు. మంత్రి సభలో ఇచ్చే హామీలని వెంటాడటానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ఉంది. మీ ప్లాజా 60 లోపు ఉంటే ఆ "రాతపూర్వక కారణాలు" ఆర్టీఐలో అడగండి. కారణాల కాపీ వస్తే ఒక ఆధారం, "దొరకలేదు" అని జవాబొస్తే ఇంకా పెద్ద ఆధారం.

ఇప్పుడు ప్రశ్న రాయడం గురించి, ఇది చాలామంది పాడుచేసుకునే చోటు. ఒక లారీ సంఘం వాళ్లు ఎంపీకి ఇచ్చిన ప్రశ్న చిత్తు నా దగ్గరికి తెచ్చారు. "టోల్ రేట్లు అన్యాయంగా పెంచుతున్న విషయం ప్రభుత్వం దృష్టికి వచ్చిందా? వస్తే తీసుకున్న చర్యలేమిటి?" అని ఉంది. దానికి జవాబు నేను అక్కడే కూర్చుని చెప్పగలను: "2008 నిబంధనల మేరకే వసూలు చేయడం జరుగుతోంది." తర్వాత ఇలా మార్చి రాశాం: ఫలానా ప్లాజా పరిధిలోని రోడ్డుకి పెట్టుబడి వ్యయం ఎంత, ఇప్పటిదాకా వసూలైంది ఎంత, ఒప్పందం ఏ తేదీకి ముగుస్తుంది, టోల్ లెక్కించిన పొడవు ఎన్ని కిలోమీటర్లు, అందులో వంతెనలు, ఫ్లైఓవర్ల వాటా ఎంత. ఈసారి జవాబుకి అనుబంధంగా పట్టిక వచ్చింది.

ఆ పట్టిక చూశాక సంఘం వాళ్ల కోపం దిశ మారింది. "ఇంత చిన్న ముక్కకి ఇంత టోలా, దోచుకుంటున్నారు" అని వాళ్ల ఫిర్యాదు. తీరా చూస్తే ఎవరూ దొంగలెక్క వేయలేదు. వంతెన, ఫ్లైఓవర్ లాంటి కట్టడాల పొడవుని పదింతలు చేసి లెక్కలో కలపాలని నిబంధనే చెప్తోంది, ఆ ముక్కలో కట్టడాలు ఎక్కువ. అంటే పోట్లాడాల్సింది బూత్‌లో కూర్చున్న కుర్రాడితో కాదు, నిబంధనతో. 2025 జులైలో ఆ నిబంధన మార్చారు: కట్టడాల పొడవు పదింతలకి మిగతా రోడ్డు కలిపిన లెక్క ఒకటి, మొత్తం పొడవుకి అయిదింతలు మరొకటి, రెండింట్లో ఏది తక్కువైతే దాన్నే తీసుకోవాలి. 40 కిలోమీటర్లూ కట్టడమే అనుకుంటే ఇదివరకు 400 కిలోమీటర్లకి టోల్, ఇప్పుడు 200కి. సగానికి సగం తగ్గింది. ఏ ఏప్రిల్ ధర్నా కూడా ఇంత తగ్గించలేదు.

రాష్ట్రం చేతిలో ఉన్న రోడ్లు వేరు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు జాతీయ రహదారి కాదు, అక్కడ అసెంబ్లీకి పూర్తి హక్కుంది. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు టోల్‌ని 30 ఏళ్లకి 7,380 కోట్లకి 2023లో ఒక సంస్థకి లీజుకిచ్చారు. దానిమీద సభలో గట్టి చర్చ, సిట్ దర్యాప్తు ప్రకటన 2024 డిసెంబరులో వచ్చాయి. అంటే సంతకాలయ్యాక, ఇంకో ప్రభుత్వం వచ్చాక. లీజు సరైనదా కాదా అన్న రాజకీయంలోకి నేను వెళ్లను. ముప్పై ఏళ్ల టోల్ ఆదాయాన్ని ఒక్కసారి అమ్మేసే ఒప్పందం సంతకానికి ముందు సభ ముందుకి రావాలి, అంచనా ఆదాయం ఎలా కట్టారో సభ్యులు అడగాలి అనేది మాత్రం గట్టిగా చెప్తాను. ఔటర్ దగ్గర ఉండేవాళ్లు మీ ఎమ్మెల్యేని అడగాల్సింది ఇదే, అక్కడ "సెంటర్‌ది" అనే మాట చెల్లదు. వార్షిక ఫాస్టాగ్ పాస్ ఔటర్ మీద పనిచేయకపోవడానికి కారణం కూడా ఇదే, అది జాతీయ రహదారులకి, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేలకి మాత్రమే.

కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. సభ తలుచుకుంటే రేపే టోల్ ఎత్తేయొచ్చు అనుకోకండి. ప్రైవేటు కాంట్రాక్టరుతో ఒప్పందం ఉన్న రోడ్ల మీద మధ్యలో చట్టం మారి అతని ఆదాయం తగ్గితే నష్టపరిహారం అడిగే క్లాజు ఒప్పందంలోనే ఉంటుంది, అప్పుడా డబ్బు ఖజానా నుంచి పోతుంది, అంటే మళ్లీ మనమే. అందుకే ఒప్పందం ముగిసే సమయం చాలా కీలకం. హైదరాబాద్-విజయవాడ దారిలో చూశారుగా, నిర్వహణ కాంట్రాక్టరు నుంచి జాతీయ రహదారుల సంస్థ (ఎన్‌హెచ్‌ఏఐ) చేతికొచ్చాక 2025 ఏప్రిల్‌లో దేశమంతా పెరుగుతుంటే పంతంగి ప్లాజా దగ్గర కారుకి 15 రూపాయలు తగ్గింది. వాయిదా పడ్డ సందర్భం కూడా ఉంది: 2024లో ఏప్రిల్ 1 పెంపు లోక్‌సభ ఎన్నికల వల్ల ఆగి జూన్ 3 నుంచి అమల్లోకి వచ్చింది. ఆపింది ఎన్నికల సంఘం, సభ కాదు.

కోర్టులు ఇంకో దారి, కానీ అవి రేటుని కాదు, హక్కుని చూస్తాయి. కేరళలో పాలియేక్కర ప్లాజా దగ్గర రోడ్డు దుస్థితి చూసి హైకోర్టు 2025 ఆగస్టులో టోల్ ఆపించింది, సుప్రీంకోర్టు కూడా ఆ ఉత్తర్వుని నిలబెట్టింది. ఢిల్లీ-నోయిడా ఫ్లైవే మీద 2016లో అలహాబాద్ హైకోర్టు టోల్ ఎత్తేస్తే, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. అక్కడ కూడా కాగ్ లెక్కలే బలం.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఎంపీలకి దేశమంతటా, ఎమ్మెల్యేలకి వాళ్ల రాష్ట్రంలో టోల్ మినహాయింపు ఉంది. ప్రతి ప్లాజా దగ్గర ఫాస్టాగ్‌లో డబ్బు కట్ అయిన మెసేజ్ వాళ్ల ఫోనుకి రాదు. కాబట్టి రేటు ఎంతో, ఎందుకో వాళ్లకి మనం కాగితం మీద పెట్టి చూపించాల్సిందే, తెలిసే ఉంటుందిలే అనుకోకూడదు.

మీరు చేయాల్సిన పని వరసగా చెప్తాను. ఎన్‌హెచ్‌ఏఐ టోల్ సమాచార వెబ్‌సైటులో మీ ప్లాజా పేరు కొడితే పెట్టుబడి వ్యయం, ఇప్పటిదాకా వసూలైన మొత్తం, ఒప్పంద కాలం కనిపిస్తాయి, ప్రింటు తీసుకోండి. ఆ ప్లాజా ఫీజు నోటిఫికేషన్ కాపీ ఆర్టీఐలో అడగండి. రెండిట్లో తేడా ఏమైనా ఉంటే అక్కడినుంచి ప్రశ్న పుడుతుంది. లోక్‌సభ ప్రశ్నకి 15 రోజుల ముందు నోటీసు కావాలి, కాబట్టి బడ్జెట్ సమావేశాలకి అందాలంటే జనవరి మొదట్లోనే ఎంపీ ఆఫీసులో ఇవ్వండి. మార్చి సగం దాటాక ఇస్తే ఏప్రిల్ 1 దాటిపోతుంది. నక్షత్రం గుర్తు లేని ప్రశ్నే అడగమనండి, లెక్కల పట్టికలు కావాలంటే రాతపూర్వక జవాబే మేలు.

ఈలోపు ఒక చిన్న వెసులుబాటు. మీ ఇల్లు ప్లాజాకి 20 కిలోమీటర్లలోపు ఉండి, బండి సొంత అవసరాలకే అయి, వెళ్లడానికి సర్వీసు రోడ్డో వేరే దారో లేకపోతే స్థానిక నెలవారీ పాస్ మీ హక్కు, 2025-26లో అది 350 రూపాయలు ఉండేది. ఒక ప్లాజాలో మా ఊరివాళ్లకి "అలాంటి పాస్ లేదు" అని నెలల తరబడి చెప్పారు. ఫీజు నోటిఫికేషన్‌లో ఆ లైను కింద గీత గీసి ప్రాజెక్ట్ డైరెక్టర్‌కి ఉత్తరం పెడితే ఆ నెలలోనే ఇచ్చారు. ఆధార్, ఆర్సీ తీసుకెళ్లండి, ఇవ్వకపోతే హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి.

మీ ప్లాజా ఏదో, మీరు ఏ ఊరినుంచి వెళ్తారో రాయండి, ఎంపీకి ఇవ్వాల్సిన ప్రశ్న చిత్తు ఇక్కడే కామెంట్‌లో రాసిపెడతాను.